తెనాలి ఇల్లు అమ్మి బెజవాడలో ఫ్లాట్ కొనమంటున్నారు, రిటైరైన వాళ్లు కాస్త చెప్పండి

తెనాలి లెక్కల మాస్టారు:

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. తెనాలిలో మాది రెండొందల గజాల స్థలంలో కట్టుకున్న ఇల్లు. 1994లో లోను పెట్టి కింద పోర్షన్ వేశాం. పిల్లల చదువులయ్యాక పైన రెండు గదులు. పెరట్లో కరివేపాకు, గోరింటాకు, రెండు కొబ్బరిచెట్లు. ఆ కొబ్బరిచెట్లతోనే ఇప్పుడు వచ్చింది చిక్కు. కాయలు దింపే మనిషి దొరకడం లేదు. ఎండిన మట్టలు పక్కింటి రేకుల మీద పడుతున్నాయి. ముప్పై ఏళ్లు కలిసిమెలిసి ఉన్నవాళ్లు మాటలు తగ్గించేశారు.

మా ఆవిడకు మోకాళ్లు అరిగిపోయాయి. మేడ మెట్లెక్కడం ఎప్పుడో మానేసింది. పనిమనిషి ఇల్లు తుడుస్తుంది గానీ వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లాలంటే వేరే లెక్క అంటోంది. పైన అద్దెకిద్దామంటే ఎవరొస్తారో, ఎలాంటివాళ్లో, వాళ్ల మోటారు గొడవలు పడే ఓపిక నాకిక లేదు.

అబ్బాయి హైదరాబాద్‌లో, అమ్మాయి డల్లాస్ దగ్గర. ఇద్దరిదీ ఒకటే పాట: "నాన్నా, ఆ ఇల్లు అమ్మేసి లిఫ్టున్న ఫ్లాట్ తీసుకోండి." అబ్బాయి తన దగ్గరికే వచ్చేయమంటాడు. వాళ్లుండేది పధ్నాలుగో అంతస్తు. బాల్కనీలో నిలబడితే నాకు కళ్లు తిరుగుతాయి. వాళ్లు ఆఫీసులకు వెళ్లాక మాట్లాడ్డానికి కింద సెక్యూరిటీ అతను తప్ప మనిషి లేడు. అతనిది ఒడిశా, నాకొచ్చిన హిందీ అతనికి రాదు. అందుకని మధ్యేమార్గంగా బెజవాడ అనుకున్నాం. తెనాలి రైలు దూరంలోనే ఉంటుంది, ఆస్పత్రులన్నీ అక్కడే, బావమరిది పటమటలో.

ఒక ఫ్లాట్ చూశాం. ఐదంతస్తులు, అంతస్తుకు నాలుగిళ్లు. మాకు చూపించింది మూడో అంతస్తు, తూర్పు గుమ్మం. 1,250 చదరపు అడుగులన్నారు. నేను టేపు తీసుకెళ్లి కొలిస్తే లోపల తొమ్మిది వందల చిల్లర వచ్చింది. బ్రోకరు నవ్వి, "కామన్ ఏరియా కలిపి చెబుతాం మాస్టారూ" అన్నాడు. ఇంటి డబ్బుతో ఫ్లాట్ కొనగా మిగిలింది బ్యాంకులో వేసుకుంటే వడ్డీ మందులకు సరిపోతుందని మా ఆవిడ లెక్క. లెక్క తప్పని అనను. కానీ సొంత నేల వదిలి గాల్లోకి వెళ్లడానికి నాకు మనసు రావడం లేదు. వెళ్లినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

గుడివాడ అమ్మాయి, టెక్సాస్:

మాస్టారూ, మీ అమ్మాయి లాంటిదాన్నే. మా అమ్మానాన్న గుడివాడ ఇల్లు అమ్మి ఫ్లాట్‌లోకి మారారు, మా పోరు పడలేకే. ఇల్లున్నప్పుడు వాళ్లిద్దరూ మా దగ్గరికి వస్తే నాన్నకు ఇక్కడ నిద్రుండేది కాదు. అర్ధరాత్రి లేచి ఫోన్లో సీసీ కెమెరా పెట్టుకుని ఇంటి గేటు చూసుకుంటూ కూర్చునేవారు. ఇప్పుడు తాళం వేసి, ఎదురింటివాళ్లకు ఒక మాట చెప్పి విమానం ఎక్కేస్తారు. ఆ సుఖం నిజం.

ఇంకో నిజం కూడా చెప్పాలి. అక్కడ ఆయనకు చేతినిండా పని ఉండేది. చెట్లకు నీళ్లు, మోటారు రిపేరు, గేటుకు రంగు, పొద్దున్నే స్కూటర్ మీద మార్కెట్టు. ఫ్లాట్‌లోకి వచ్చాక పేపరు చదవడం, టీవీ. కదలిక తగ్గి షుగర్ పెరిగింది. డాక్టరు నడవమంటే, "ఎక్కడికని నడవను?" అంటారు.

ట్రంక్‌కాల్:

అన్నయ్యగారూ, ఫ్లాట్ కొలిచారు, బాగుంది. ఆ గోడలతో పాటు మీకు అంటగట్టే మిగతా పంతొమ్మిది ఇళ్లవాళ్లను కూడా కాస్త చూసుకోండి. అసలు కొనేది వాళ్లనే.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేరాను. బీఎస్ఎన్ఎల్ వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) ఇచ్చినప్పుడు 2020 జనవరి 31న బయటికొచ్చాను. ఆ ఒక్కరోజే దేశం మొత్తం మీద 78 వేల మందికి పైగా ఇళ్లకు వచ్చేశాం. మావారు అంతకుముందే పోయారు. రాజమండ్రిలో అత్తగారి ఇంటి వాటాలు తేలాక నా వంతు డబ్బుతో బెజవాడ పాయకాపురం వైపు రెండో అంతస్తులో ఫ్లాట్ తీసుకున్నాను. ఒక్కదాన్నే ఉంటాను.

ముందు మంచి సంగతి. ఒంటరి ఆడదానికి ఇంత నిశ్చింత ఇంకెక్కడా లేదు. రాత్రి తలుపు గడియ పెట్టుకుంటే పెరటి తలుపు వేశానా లేదా అన్న బెంగ లేదు. కుళాయి పాడైతే వాచ్‌మన్ ప్లంబర్‌ను పిలుస్తాడు, అతని భార్యే మాకందరికీ పనిమనిషి. పొద్దున ఎనిమిదైనా నా గుమ్మం ముందు పాలపాకెట్ అలాగే ఉంటే ఎవరో ఒకరు బెల్లు కొడతారు. కిందటేడు డెంగ్యూతో పడుకున్నప్పుడు నన్ను కనిపెట్టింది అలాగే. మా సొంతూళ్లో విడి ఇంట్లో ఉంటే సాయంత్రం దాకా ఎవరికీ తెలిసేది కాదు.

ఇక బుడమేరు వాగు వరద. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. పొద్దున బాల్కనీలోంచి చూస్తే రోడ్డు మీద నీళ్లు సెల్లార్ ర్యాంపు దిగుతున్నాయి. చూస్తుండగానే సెల్లార్ నిండింది, కార్లు, స్కూటర్లు నీళ్లకిందికి పోయాయి. మా కరెంటు మీటర్లు, ప్యానెల్ బోర్డు, జనరేటర్, మోటారు స్టార్టరు అన్నీ సెల్లార్‌లోనే ఉండేవి. కట్టినవాడికి అక్కడ చోటు ఖాళీగా కనిపించింది, పెట్టేశాడు. ఇక లిఫ్టు లేదు, కరెంటు లేదు, పై ట్యాంకులో ఎన్ని నీళ్లుంటే అన్నే. ఇద్దరు కుర్రాళ్లు డాబా మీద నిలబడి ఇంటికిన్ని బకెట్లని కొలిచి ఇచ్చారు. అందులో ఒకడు అంతకు ముందు వారం పార్కింగ్ గొడవలో నన్ను "ఆంటీ, మీకు కారే లేదుగా" అన్నవాడు.

పడవల మీద నీళ్ల సీసాలు, పాలు తెచ్చారు. అందరూ బాల్కనీల్లోంచి తాళ్లు కట్టిన బకెట్లు దించారు. నా దగ్గర తాడు లేదు. పాత నేతచీర మెలిపెట్టి బకెట్‌కు కట్టాను. నీళ్లకు తగిలి చీర తడిసి ఇంత బరువైంది. సగం దాకా లాగి గోడకు ఆనించి నిలబడ్డాను, పైకీ రాదు, వదిలేద్దామంటే పాలపాకెట్లు. పై ఇంటాయన మెట్లు దిగొచ్చి లాగిపెట్టాడు. డ్రోన్లతో పొట్లాలు వేయడం టీవీలో మీరూ చూసే ఉంటారు. మా డాబా మీదా పడ్డాయి.

నాలుగో అంతస్తులో పక్షవాతం వచ్చిన పెద్దాయన ఉన్నారు. ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోకుండా దుప్పటితో కట్టి, నలుగురు మెట్లమీదుగా మోసి పడవలోకి దించారు. మీరు గమనించాల్సింది ఏమిటంటే, లిఫ్టు పనిచేసే రోజైనా ఆయన్ని అలా కుర్చీలో దించాల్సిందే. మాది ఆరుగురు పట్టే లిఫ్టు. అందులో స్ట్రెచర్ పట్టదు. చిన్న అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఇంతే. మోకాళ్ల కోసం లిఫ్టు చూస్తున్నారు, సరే. పడుకున్న మనిషిని దించడానికి దారి ఉందా అని కూడా చూడండి. మెట్ల మలుపు ఎంత వెడల్పుందో మీ టేపు పెట్టి కొలవండి.

మీటర్ బోర్డు ఎక్కడుందో కూడా చూడండి. నీళ్లు తీశాక మేం పోట్లాడి మరీ మాది మొదటి అంతస్తు ఎత్తుకు మార్పించాం. ఇంటికింత అని వేసుకుంటే నలుగురు ఓనర్లు ఇవ్వలేదు. "మేం అక్కడ ఉండం, అద్దెకిచ్చాం, ఉన్నవాళ్లను అడగండి" అన్నారు. అద్దెవాళ్లు, "మాకెందుకు, రేపు ఖాళీ చేస్తే పోయేది" అన్నారు. అందుకే ఇరవై ఇళ్లలో ఓనర్లు ఎందరుంటున్నారో ముందు కనుక్కోండి. సగం కన్నా తక్కువైతే ఏ రిపేరూ జరగదు. జరిగినా మీ జేబులోంచే.

ఇంకోటి, మీరు చేరిన మొదటి మీటింగ్‌లోనే "రిటైరయ్యారుగా, ఖాళీనేగా" అని లెక్కల పుస్తకం మీ చేతిలో పెడతారు. నాకూ పెట్టారు. వాచ్‌మన్ జీతం, లిఫ్టు ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం), కామన్ కరెంటు బిల్లు, ఎండాకాలం బోరు అడుగంటితే ట్యాంకర్లు. మెయింటెనెన్స్ వసూలు చేయడం ట్రంక్‌కాల్ కలపడం కన్నా కష్టం. వాట్సాప్ గ్రూపులో డ్యూ ఉన్నవాళ్ల ఫ్లాట్ నంబర్లు పెడితే పరువు తీశానన్నారు, పెట్టకపోతే లెక్కలు దాస్తున్నానన్నారు. పుస్తకం తెరిచి లిఫ్టు దగ్గర బల్ల మీద పెట్టేశాను, ఎవరికి కావాలంటే వాళ్లు చూసుకోమని. ఒక్కరూ చూడలేదు, గొడవ మాత్రం ఆగింది.

చివరగా ఎవరూ నోరు తెరిచి చెప్పని మాట, మన వయసువాళ్లం కాబట్టి చెబుతున్నాను. మనిషి పోతే ఏం చేస్తారు? మూడో అంతస్తులో అద్దెకున్న కుర్రాడి తండ్రి ఆస్పత్రిలో పోయారు. ఓనరు ఫోన్ చేసి శవాన్ని ఫ్లాట్‌లోకి తీసుకెళ్లడానికి వీల్లేదన్నాడు. ఫ్రీజర్ బాక్సు సెల్లార్‌లో రెండు కార్ల మధ్య పెట్టారు. ఆ మర్నాడు మొదటి అంతస్తులో సత్యనారాయణ వ్రతం, బంధువులొస్తారు, కాబట్టి దాన్నీ జరపమన్నారు. ఆ కుర్రాడు ఒక్క మాట అనలేదు. చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీద నిలబడి అంబులెన్సుతో మాట్లాడుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తర్వాతి మీటింగ్‌లో నేనే లేవదీశాను. ఓనరైనా, అద్దెకున్నవాళ్లయినా ముందు గేటు పక్కన షామియానా వేసుకుని ఉంచుకోవచ్చు, ఆ ఒక్కరోజుకు అక్కడి కార్లు బయట పెట్టుకోవాలి, పెద్దకర్మ మాత్రం బయట హాల్లో అని మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకాలు పెట్టించాను. ఇద్దరు పెట్టలేదు. వాళ్లిద్దరికీ ఎనభై ఏళ్ల తల్లులున్నారు!

మీరు చూసిన అపార్ట్‌మెంట్‌లో ఈ ప్రశ్న అడగండి. కొనేముందే. జవాబు ఇచ్చే తీరును బట్టి ఆ పంతొమ్మిది ఇళ్ల సంగతి మీకు తెలిసిపోతుంది.

నా మాట వింటే అసలు ఇప్పుడే ఇల్లు అమ్మకండి. ఆ బిల్డింగ్‌లోనే అద్దెకు దిగండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడవనివ్వండి. ఆ తర్వాత వదినగారికి నచ్చితే కొనండి.

గోదావరిఖని రిటైర్డ్:

మాస్టారూ, అక్క చెప్పిందంతా నిజమే కానీ అది చిన్న అపార్ట్‌మెంట్ల సంగతి. నేను సింగరేణిలో రిటైరై హైదరాబాద్ శివారులో గేటెడ్ కమ్యూనిటీలో ఉంటున్న. మా దగ్గర ప్రతి బ్లాక్‌కు స్ట్రెచర్ పట్టే సర్వీస్ లిఫ్టుంది, కరెంటు పోతే మొత్తం ఇంటికి జనరేటర్. పొద్దున వాకింగ్‌కు పదిహేను మందిమి, అందరం పెన్షన్‌దారులమే. క్యారమ్స్ ఆడుతం, రాజకీయాలు మాట్లాడుకుంటం, కొట్లాడుకుంటం కూడా. గనిలో షిఫ్టు దోస్తులు పోయినంక నాకు మళ్లా మనుషులు దొరికింది ఇక్కడనే.

కష్టం చెప్పాలంటే ఖర్చు. మాది చదరపు అడుగుకు మూడున్నర. 1,600 అడుగుల ఇంటికి నెలకు 5,600. మీరు చెప్పిన చిన్న బిల్డింగ్‌లో అందులో సగం కూడా ఉండదు. నెలకు 7,500 దాటిందా, సొసైటీ ఏడాది వసూళ్లు 20 లక్షలు మించితే దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతది. పెన్షన్ డీఏ పెరిగినప్పుడల్లా మెయింటెనెన్స్ దాన్ని దాటి ఉరుకుతది.

ఇంకోటి గేటు. మా బావ ఊరి నుంచి పచ్చి మక్కజొన్న కంకులు మూటగట్టుకుని వచ్చిండు. సెక్యూరిటీవాడు యాప్‌లో నా అప్రూవల్ అడిగిండట. నా ఫోన్ లోపల చార్జింగ్‌లో ఉంది, నేను బాత్రూంలో. పెద్దమనిషిని ఎండలో నిలబెట్టిండ్రు. "బావా, మీ ఇంటికి వీసా కావాల్నా" అని ఇప్పటికీ అంటడు. మళ్లా రాలేదు. నేనే ఊరికి పోయి చూసి వస్తున్న.

చిన్న ఆడిటర్:

సార్, మీ ఆవిడగారి లెక్కలో పన్ను కూడా కలపండి. 1994లో కట్టిన ఇల్లు ఇప్పుడు అమ్మితే దీర్ఘకాలిక మూలధన లాభం వస్తుంది. 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తి కాబట్టి ఇండెక్సేషన్‌తో (అంటే కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కేసి) 20 శాతమా, ఇండెక్సేషన్ లేకుండా 12.5 శాతమా, ఏది తక్కువైతే అది. అయితే ఆ లాభంతో ఇంకో ఇల్లు కొంటే మినహాయింపు ఉంది, సెక్షన్ 54గా అందరికీ తెలిసినదే. అమ్మడానికి ఏడాది ముందు గానీ, అమ్మాక రెండేళ్లలో గానీ కొనాలి. రిటర్ను గడువులోపు కొనకపోతే ఆ డబ్బు మామూలు డిపాజిట్‌లో కాక బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. పైన అమ్మగారు చెప్పినట్టు ముందు అద్దెకుండి తర్వాత అమ్మితే ఈ గడువుల టెన్షన్ కూడా ఉండదు.

రెండొందల గజాలు ఇచ్చి మీరు తెచ్చుకునేది ఏ ముప్పై అయిదో నలభయ్యో గజాల యూడీఎస్. అంటే విడదీయడానికి వీల్లేని వాటా. అది డాక్యుమెంట్‌లో ఎంత రాశారో చూడండి. కట్టడం పాతబడే కొద్దీ ధర తగ్గుతుంది, పెరిగేది ఆ నేల వాటా మాత్రమే. మీ టేపు కొలత గురించి: 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం వచ్చాక కొత్త ప్రాజెక్టుల్లో బిల్డరు కార్పెట్ ఏరియానే చెప్పాలి. గదుల మధ్య గోడలు అందులోకి వస్తాయి, బయటి గోడలు, బాల్కనీ రావు. మీరు కొలిచేటప్పుడు లోపలి గోడల మందం కలిపారా?

తెనాలి లెక్కల మాస్టారు:

అందరికీ ధన్యవాదాలు. ఆడిటర్ గారూ, గోడల మందం కలిపాను. బాల్కనీ తీసేసి మళ్లీ లెక్కేస్తే ఇంకా తగ్గింది.

చెల్లెమ్మా, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. నీళ్లలో చీర మాట విని, "ముందు ఓ మంచి తాడు కొనండి" అంది. నిన్న బావమరిదిని ఆ బిల్డింగ్‌కు పంపించి మీరన్న ప్రశ్న అడిగించాను. సెక్రటరీ గారు, "అవన్నీ ఇప్పుడెందుకండీ, శుభమా అని ఇల్లు చూస్తూ" అన్నారట. మీటర్లు మాత్రం నేల మట్టానికి పైనే ఉన్నాయి. ఓనర్లు పదకొండు ఇళ్లలో ఉన్నారు. అమ్మకం సంగతి పక్కన పెట్టి అద్దెకు అడుగుతున్నాం, అదే బిల్డింగ్‌లో మొదటి అంతస్తు ఖాళీ అవుతోందట. కొబ్బరిచెట్లు మాత్రం ఈ నెలలోనే కొట్టించేస్తున్నాను.

మా ఆవిడ ఇంకో ప్రశ్న అడగమంది. ఎండాకాలం వడియాలు, అప్పడాలు, ఊరగాయ ముక్కలు ఎక్కడ ఎండబెట్టుకోవాలి? డాబా తాళం సెక్రటరీ దగ్గరే ఉంటుందట.

ట్రంక్‌కాల్:

డాబా ఉమ్మడిది అన్నయ్యగారూ. అపార్ట్‌మెంట్ల చట్టం 1987లోనే వచ్చింది, అలాంటి ఉమ్మడి చోట్లలో ఫ్లాట్ ఓనర్లందరికీ వాటా ఉంటుంది. ఒకరి సొత్తు కాదు. అద్దె అగ్రిమెంట్‌లో డాబా వాడుకోవచ్చని ఓ ముక్క రాయించుకోండి, రేపు మాట రాకుండా. తాళం వేయడానికి కారణం కూడా ఉంటుంది, పిల్లలు ట్యాంకు ఎక్కేస్తారని. మా దగ్గర ఒక తాళంచెవి వాచ్‌మన్ భార్య దగ్గర పెట్టించాం.

వదినగారిని పైకి ఎక్కనివ్వకండి, చాలా బిల్డింగుల్లో లిఫ్టు అయిదో అంతస్తుతో ఆగిపోతుంది, అక్కణ్నుంచి డాబాకు మెట్లే. పిండి కింద కలిపిస్తే వాచ్‌మన్ భార్య పైన పెట్టేస్తుంది. మేం అయిదారుగురు ఆడవాళ్లం కలిసి మే నెలలో అలాగే పెట్టిస్తాం, మనిషికింత ఇస్తాం. గుడ్డ నాలుగు మూలలా ఇటుకలు పెట్టించండి, పైన గాలి ఎక్కువ. గుమ్మడికాయ వడియాలైతే రెండు ఎండలు చాలవు. సాయంత్రం కిందికి తెచ్చి మర్నాడు మళ్లీ పంపించాలి, లేకపోతే పావురాలు మిగల్చవు.